వినేవాని మనస్సు – దురభిప్రాయాలపై అల్‌బీరూనీ, ఇబ్న్ ఖల్దూన్‌ల పరిశీలన

ఒక సమాజాన్ని గురించి మరొక సమాజంలో నాటుకుపోయే దురభిప్రాయాలకు అజ్ఞానమే మూలమని సాధారణంగా అంటారు. తెలియని విషయం తెలియజేస్తే దురభిప్రాయం దానంతటదే తొలగిపోతుందని ఆశిస్తారు. కాని చరిత్ర ఈ ఆశను పూర్తిగా బలపరచదు. చాలా సందర్భాల్లో మనిషి ముందుగా ఒకదాన్ని నమ్మదలచుకుంటాడు. ఆ తరువాతనే అతని బుద్ధి దానికి సాక్ష్యాలు వెతుకుతుంది. ఈ సంగతిని శతాబ్దాల కిందటే గుర్తించిన ఇద్దరు ముస్లిం విద్వాంసులు అల్‌బీరూనీ, ఇబ్న్ ఖల్దూన్. వారు ఏమి చెప్పారో, చెప్పినదాన్ని తామెంతవరకు పాటించగలిగారో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

రావీ ఉద్దేశాలు

అబూ రైహాన్ అల్‌బీరూనీ క్రీ.శ. 973 (హి. 362)లో ఖ్వారజ్మ్‌లో జన్మించారు. 1017లో సుల్తాన్ మహమూద్ ఆ రాజ్యాన్ని జయించి ఆయనను గజ్నీకి తీసుకుపోయాడు. అల్‌బీరూనీ సంస్కృతం నేర్చుకొని, పండితులతో చర్చించి, 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి 80 అధ్యాయాల గ్రంథాన్ని పూర్తిచేశారు. 'కితాబుల్ హింద్'గా ప్రసిద్ధిచెందిన ఈ గ్రంథపు అరబీ మూలాన్ని హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ 1958లో ప్రచురించింది.

భారతదేశ వర్ణనకు పూనుకున్న ఈ గ్రంథం అబద్ధాల వర్గీకరణతో మొదలుకావడం గమనింపదగిన విషయం. కంటితో చూసినది వేరు, చెవితో విన్నది వేరు. విన్న వార్త రావీ మనస్సును బట్టి, అంటే దానిని చేరవేసేవాని మనస్సును బట్టి మారుతుంది. ఒకడు తన వంశాన్నో జాతినో పొగడడానికి, ఎదుటివారిని కించపరచడానికి అబద్ధమాడతాడు. ఒకడు ఉపకారం పొందినవారి మీద ప్రీతితోను, అపకారం చేసినవారి మీద పగతోను ఆడతాడు. ఇంకొకడు లాభానికి ఆశపడి, మరొకడు భయపడి ఆడతాడు. ఈ జాబితాలో చివరివాడు అజ్ఞాని. అతనికి దురుద్దేశం ఏమీ లేదు. ఇతరులు చెప్పినదానిని విచారించకుండా తిరిగి చెబుతాడు, అంతే. అబద్ధాన్ని పుట్టించినవాడు ఒక్కడే అయినా దానిని తరతరాలకు మోసుకుపోయేది ఇటువంటి అమాయకులే.

ఈ గ్రంథరచనకు దారితీసిన సంభాషణను కూడా అల్‌బీరూనీ పేర్కొన్నారు. అల్లాహ్ తన సత్త చేతనే సర్వజ్ఞుడని ముఅతజిలీల సిద్ధాంతం. వారిని గురించి రాసిన ఒక గ్రంథకర్త ఆ సిద్ధాంతాన్ని 'అల్లాహ్‌కు జ్ఞానం లేదు' అనే అర్థం వచ్చేలా మార్చాడట. విషయం తెలియని పాఠకుడు ముఅతజిలీలు దేవుణ్ణి అజ్ఞాని అంటున్నారని అనుకోక ఏమి చేస్తాడు? అబూ సహల్ తఫ్లీసీ దీనిని విమర్శించగా, ప్రత్యర్థుల మతాలను వర్ణించేవారిలో ఇది పరిపాటి అని అల్‌బీరూనీ అన్నారు. హిందువులను గురించి అప్పటికి ఉన్న రచనలలో ఎక్కువ భాగం ఇటువంటి ఎరువు సరకేనన్నారు. తాను మాత్రం ఖండనకు పూనుకోక, ఆ ప్రజల గ్రంథాల నుండే వారి విశ్వాసాలను చూపడం తన పద్ధతిగా చేసుకున్నారు.

ఎడబాటుకు కారణాలు

రెండు సమాజాల మధ్య ఎడబాటు ఎందుకు కలిగిందో మొదటి అధ్యాయంలో వివరించారు. భాష వేరు, మతం వేరు, ఆచారాలు వేరు. మన దుస్తులనూ అలవాట్లనూ చూపి వారు తమ పిల్లలను భయపెడతారని రాశారు. అయితే వెంటనే, పరాయివారిని చిన్నచూపు చూడడం మనలోనూ ఉంది, సకల జాతులలోనూ ఉంది అని చేర్చారు. నాల్గవ కారణం మరింత ముఖ్యమైనది. మహమూద్ దండయాత్రలు ఆ దేశపు సిరిసంపదలను నాశనం చేసినందువల్లనే ప్రజల మనస్సుల్లో తీవ్రమైన ద్వేషం మిగిలిపోయిందని ఆయన స్పష్టంగా పేర్కొన్నారు. తనను గజ్నీకి తెచ్చిన సుల్తాను విషయంలో ఈ మాట రాయడం సామాన్యం కాదు.

హిందువులకు తమ దేశం, తమ విద్యలు తప్ప మరొకటి లేదన్న గర్వం ఉందని కూడా ఆయన ఆరోపించారు. ఒక జాతి మొత్తాన్ని ఒకే త్రాటికి కట్టే మాట ఇది. కాని వారి పూర్వులు ఇంత సంకుచితులు కారని చెబుతూ, గ్రీకుల విద్యను గౌరవించిన వరాహమిహిరుని సాక్ష్యంగా తెచ్చారు. ఆరోపణ పక్కనే దానికి అడ్డుచెప్పే ఆధారాన్ని కూడా ఉంచారు.

ఇబ్న్ ఖల్దూన్ వివరణ, ఆయన పరిమితి

ట్యునీషియాలో 1332లో జన్మించిన ఇబ్న్ ఖల్దూన్ 1377లో 'ముఖద్దిమా' రాశారు. ఆయన దృష్టి వినేవాని మీదికి మళ్లింది. మనస్సు సమస్థితిలో ఉన్నప్పుడు వార్తను తూచి చూస్తుంది. ఒక పక్షం మీద అభిమానం ఉంటే మాత్రం, తనకు నచ్చిన వార్తను విన్న వెంటనే స్వీకరిస్తుంది. పక్షపాతం బుద్ధి కంటికి పొర వంటిది. రావీల మీద అతివిశ్వాసాన్నీ, అధికారుల మెప్పు కోసం చేసే పొగడ్తలనూ, సమాజాల స్వభావం తెలియకపోవడాన్నీ ఆయన అబద్ధవార్తలకు కారణాలుగా చేర్చారు.

ఈ పద్ధతితోనే ఆయన ఒక పాత కథను ఖండించారు. నల్లజాతివారు హామ్ సంతతి గనుక శాపం వల్ల నల్లబడ్డారనే కథ అది. శరీరవర్ణానికి కారణం శాపం కాదు, వాతావరణం అని ఆయన వాదించారు. కాని ఆ చర్చలోనే దూర దక్షిణ ప్రాంతాల ప్రజలు పశుప్రాయులని రాశారు. దూర ఉత్తరాది ప్రజలనూ అదే విధంగా వర్ణించారు. మాలీ రాజుల చరిత్రను గౌరవంతో నమోదుచేసిన చేయి కూడా అదే. ఇది ఎలా సంభవించింది? ప్రచారంలో ఉన్న వర్ణనకు చెప్పే కారణాన్ని ఆయన పరీక్షించారు, వర్ణనను పరీక్షించలేదు. దురభిప్రాయం తరచు ఇలాగే, ఎవరూ ప్రశ్నించని 'అందరికీ తెలిసిన సంగతి'గా దాగి ఉంటుంది.

వార్తను విచారించి గాని స్వీకరించవద్దని, అతిగా అనుమానించవద్దని హుజురాత్ సూరా 6వ, 12వ ఆయతులు బోధిస్తున్నాయి. ఒక జాతి మీది ద్వేషం న్యాయం తప్పించరాదని మాయిదా సూరా 8వ ఆయతు హెచ్చరిస్తున్నది. రావీలను పరీక్షించడానికి మన పూర్వులు ఒక శాస్త్రాన్నే నిర్మించారు. పై ఇద్దరు విద్వాంసుల అనుభవం చూపేదేమంటే, వినేవాడు కూడా పరీక్షకు నిలబడాలి. ఒక సమాజాన్ని గురించి విన్న మాట మనకు సంతోషం కలిగించినప్పుడే, ఆ సమాజంవారు దానిని తమ వర్ణనగా ఒప్పుకుంటారా అని విచారించడం అన్నిటికంటె అవసరం.