కంప్యూటర్‌లో తెలుగు: ఓపెన్ సోర్స్ చరిత్ర

కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ తెలుగు చదవడానికి, రాయడానికి, వెతుక్కోవడానికి ఇవాళ వాడుతున్న సాధనాల్లో చాలా భాగం ఓపెన్ సోర్స్ లైసెన్సుల కింద వచ్చినవే. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే మూలకోడును ఎవరైనా చదవడానికి, మార్చుకోవడానికి, మార్చినదాన్ని నలుగురికీ పంచడానికి లైసెన్సే హక్కు ఇచ్చిన సాఫ్ట్‌వేర్. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు, 1989లో వచ్చిన జీపీఎల్ లైసెన్సు, 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ దీనికి పునాదులు. ‘ఓపెన్ సోర్స్’ అనే పేరు 1998లో వచ్చింది, అంతకుముందు ‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అనేవారు. ఇంగ్లీషు ‘ఫ్రీ’తో వచ్చే తికమక తెలుగువాళ్లకు లేదు. పైసా కట్టనక్కర్లేనిది ఉచితం, మన చేతులు కట్టేయనిది స్వేచ్ఛ. తెలుగు లిపి విషయంలో ఈ రెండో మాటే ఎక్కువ మేలు చేసింది.

అచ్చు కోసం పుట్టిన తెలుగు

1990ల్లో తెలుగునాట డీటీపీ కేంద్రాలు వీధివీధినా వెలిశాయి. అను స్క్రిప్ట్ మేనేజర్, శ్రీలిపి వంటి ప్యాకేజీలతో శుభలేఖల నుంచి నవలల దాకా అన్నీ తయారయ్యేవి. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చే పని తప్పించి, తెలుగు ప్రచురణకు అవి చేసిన సాయం చిన్నది కాదు. అయితే వాటి దృష్టంతా కాగితం మీదే. అక్షరం చక్కగా అచ్చయితే చాలు, దాని పని అయిపోయినట్టే.

అందుకే ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలోనే తెలుగు అక్షరాల ముక్కలను సర్దారు. తలకట్టు ఒక గడిలో, గుడి ఒక గడిలో, వత్తు మరో గడిలో. కంటికి తెలుగే, కంప్యూటర్ లెక్కలో మాత్రం ఆ ఫైల్లో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పేజీ నిండా అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు బారులు తీరతాయి. ఒక కంపెనీ సర్దుబాటు మరో కంపెనీకి పొసగదు. ఆ ఫైల్లో మాట వెతకలేం, అకారాది క్రమంలో పెట్టలేం. చూపులేని పాఠకులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అది తెలుగని తెలియదు. అంతకుముందే 1991లో భారతీయ లిపులన్నిటికీ కలిపి ‘ఇస్కీ’ ప్రమాణాన్ని భారత ప్రమాణాల సంస్థ ఆమోదించింది. డీటీపీ రంగం దాన్ని పట్టించుకోలేదు. ఆ ఉపేక్షకు మూల్యం ఇప్పటికీ చెల్లిస్తున్నాం.

హ్యూస్టన్ దారి

అదే కాలంలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగువాళ్లకు ఇంకో ఇబ్బంది ఉండేది. వాళ్ల దగ్గర ఇంటర్నెట్ ఉంది, తెలుగు కీబోర్డు లేదు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఒక పద్ధతిని స్థిరపరిచారు. దాన్ని ఆ విశ్వవిద్యాలయం పేరుతోనే ఆర్‌టీఎస్ (రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్) అంటున్నాం. చిన్న ‘ఎన్’ కొడితే న, పెద్ద ‘ఎన్’ కొడితే ణ. చిన్న ‘ఎల్’ ల, పెద్ద ‘ఎల్’ ళ. ఎవరి అనుమతీ అడగనక్కర్లేని ఈ పద్ధతి చేతులు మారుతూ వచ్చి, ఇవాళ్టికీ లక్షణంగా వాడుకలో ఉంది. తెలుగు టైపింగు నేర్చుకోనివాళ్లు తెలుగులో రాయగలిగారంటే అందులో దీని పాలు పెద్దది.

అక్షరానికి ఒక సంఖ్య

ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణపు మొదటి కూర్పు 1991 అక్టోబరులో విడుదలైంది. అందులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అక్షరాల వరుసను ఇస్కీ 1988 ముసాయిదా నుంచి తీసుకున్నారు. ఇక్కడ దాచేది అక్షరాన్ని, దాని ఆకారాన్ని కాదు. ‘స్త్రీ’ అన్న మాటే చూడండి. కంటికి అది ఒక్కటే అక్షరం. కంప్యూటర్ దాన్ని ఆరుగా దాస్తుంది: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో దానికి మూడేసి బైట్ల చొప్పున మొత్తం పద్దెనిమిది. తెర మీదికి వచ్చేసరికి గుడి సకారం నెత్తినెక్కాలి, త వత్తు కింద కూర్చోవాలి, ర వత్తు తన చోటు తాను వెతుక్కోవాలి. ఈ పొందికంతా చేసే ప్రోగ్రాము సరిగా లేకపోతే యూనికోడ్ ఉన్నా ప్రయోజనం లేదు.

ఆ పొందికను ఇవాళ ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్‌లలో చేస్తున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఆండ్రాయిడ్ ఫోన్‌లో మీరు చదివే ప్రతి తెలుగు వార్తా, ఇంటి నుంచి వచ్చే ప్రతి సందేశమూ దాని మీదుగానే తెరకెక్కుతుంది. దాని పేరు విన్న తెలుగువారు వెయ్యిలో ఒకరైనా ఉంటారా అన్నది అనుమానమే.

ఫాంట్ల కథ వేరు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ ఫాంటు వచ్చింది. అంతకు కొంచెం ముందే కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటున్న తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను సొంతంగా రూపొందించి అందరికీ ఇచ్చేశారు. తరవాత అవి జీపీఎల్ కింద లినక్స్ పంపిణీల్లోకి చేరాయి. 2004లో రెడ్ హ్యాట్ సంస్థ లోహిత్ ఫాంట్లను విడుదల చేసింది. లోహితమంటే ఎరుపు, కంపెనీ పేరుకు తగ్గ పేరు. 2010ల తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సిలికానాంధ్ర కలిసి ధూర్జటి, రామభద్ర, మండలి, సురవరం, గిడుగు వంటి ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వెలువరించాయి. పాలకులు తెలుగు కోసం చేసిన పనుల్లో ఇంత చవగ్గా ఇంత దూరం వెళ్లింది మరొకటి లేదు.

కంచె దాటిన తెలుగు

2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జున, అక్కడితో ఆగలేదు. అప్పట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు తలా ఒక సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే ఓపెన్ సోర్స్ పొడిగింతను ఆయన ఫైర్‌ఫాక్స్ కోసం రాశారు. పద్మ మూలకోడుతో సహా అందుబాటులో ఉండబట్టే 2006లో తెలుగు బ్లాగరు వీవెన్ దాని ఆధారంగా ‘లేఖిని’ అనే వెబ్‌పేజీని తీసుకురాగలిగారు. ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. పేజీ తెరిచి పై పెట్టెలో ఆర్‌టీఎస్‌లో కొడితే కింది పెట్టెలో తెలుగు ప్రత్యక్షమయ్యేది. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్నవాళ్లు కూడా తెలుగులో బ్లాగులు రాయడం అప్పుడే ఊపందుకుంది. అక్షరాలకు బదులు ‘డబ్బాలు’ కనిపిస్తున్నాయని అడిగినవాళ్లకు ఓపిగ్గా దారి చూపించినవారంతా జీతం లేకుండా పనిచేసినవాళ్లే.

2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన ‘స్వేచ్ఛ’ సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూడగట్టి, లినక్స్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. మెనూలు, సందేశాలు అన్నీ తెలుగులోకి తేవడమంటే అనువాదమొక్కటే కాదు, లేని మాటలను పుట్టించడం, పాత మాటలకు కొత్త అర్థం ఇవ్వడం. దస్త్రం, దింపుకోలు, సంకేతపదం వంటివి ఇలాంటి స్థానికీకరణ పనుల్లోనే నలిగి వాడుకకు వచ్చాయి. కొన్ని నిలిచాయి, కొన్ని నిలవలేదు. భాషకు అదీ మంచిదే.

అక్షరమాల కూడా ఆగలేదు. 2008లో యూనికోడ్ 5.1 కూర్పుతో ౘ, ౙలతో పాటు పాత తెలుగు భిన్నాల గుర్తులు, కొలత గుర్తు ‘తూము’ చేరాయి. 2021లో 14వ కూర్పుతో నకారపొల్లు (ౝ) వచ్చింది. ఇక్కడ మీకు ఖాళీ డబ్బా కనిపించిందంటే మీ ఫాంటు ఇంకా అక్కడిదాకా రాలేదన్నమాట.

‘జ్ఞా’ ఉదంతం

2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’ ప్రపంచ వార్తల్లోకెక్కింది. జ్ఞ తరవాత కంటికి కనపడని ఒక విడదీత గుర్తు, ఆపైన దీర్ఘం వచ్చేలా కూర్చిన సందేశం అందితే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ఆ సందేశాన్ని చూపించే యాప్ కుప్పకూలేది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి లోపాన్ని సరిదిద్దింది. ఆ అక్షరమే ఫోన్లను కూల్చుతోందన్నట్టు విదేశీ పత్రికలు రాశాయి. తప్పు అక్షరానిది కాదు, దాన్ని పొందికగా కూర్చలేని ప్రోగ్రాముది. ఓపెన్ సోర్స్‌లో లోపాలుండవని ఎవరూ అనరు, హార్ఫ్‌బజ్‌లోనూ ఉంటాయి. కాని అక్కడ తెలుగు తెలిసిన ఏ ప్రోగ్రామరైనా కోడు తెరిచి, లోపం ఎక్కడుందో చూపించి, సవరణ పంపవచ్చు. మూసిన కోడు విషయంలో తెలుగువాళ్లు చేయగలిగింది ఎదురుచూడటమే.

మిగిలిన పని

ఇటీవల స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగు కథలను, మాటలను పోగుచేసి కృత్రిమ మేధకు పనికొచ్చే తెలుగు భాషా నమూనాల తయారీకి అందిస్తున్నాయి. ఆ పనికి కావలసిన ముడిసరుకు యూనికోడ్ తెలుగు. 1990ల నుంచి రెండు దశాబ్దాల పాటు అచ్చయిన పుస్తకాల్లో చాలా వాటి మూలప్రతులు డీటీపీ ఫాంట్ల ఫైళ్లలోనే ఉండిపోయాయి. రచయితల ఇళ్లలో, ప్రెస్సుల అలమారాల్లో, సీడీల్లో అవి మెల్లగా చచ్చిపోతున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే ఉచిత సాధనాలు ఉన్నాయి. మార్చాక వత్తుల దగ్గర కొన్ని తప్పులు దొర్లుతాయి, ఒకసారి కూర్చుని దిద్దుకోవాలి. మీ దగ్గర అలాంటి ఫైళ్లుంటే, వాటిని తెరవగలిగే కంప్యూటర్ ఇంకా పనిచేస్తుండగానే ఆ పని పూర్తిచేయండి.