విల్లు – అడవి – చట్టం: ఐరోపా విలువిద్య చరిత్ర, ఉత్తరాంధ్ర సవరల విల్లు

వ్యాస సంగ్రహం:
విల్లు స్థానాన్ని తుపాకి ఆక్రమించడం ఆయుధ చరిత్రలో సహజ పరిణామంగా చెప్పబడుతున్నది. ఐరోపా, ముఖ్యంగా ఇంగ్లండు, అనుభవాన్ని ఉత్తరాంధ్ర కొండలలోని సవరల అనుభవంతో పోల్చి, విల్లు మనుగడను కలప లభ్యత, రాజ్యం చేసిన చట్టాలు ఎంతగా నిర్ణయించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: విల్లు, యూ కలప, వెదురు, సవరలు, ఆయుధ చట్టం, అటవీ చట్టం.

1. ఉపోద్ఘాతం

నరసన్నపేట వంశధారా మైదానంలోని వ్యాపార పట్టణం. దానికి సమీపంలోని శ్రీముఖలింగాన్ని తూర్పు గాంగుల రాజధాని కళింగనగరంగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. అక్కడి మధుకేశ్వరుని స్థలపురాణం ఇప్పచెట్టుతోను, సవరలతోను ముడిపడి ఉన్నది. ఐతరేయ బ్రాహ్మణం ఆంధ్రులను, శబరులను ఒకే వరుసలో పేర్కొన్నది. వంశధారకు పడమట ఉన్న సీతంపేట కొండలలో నివసించే సవరలకు విల్లు తరతరాలుగా వేట సాధనం, ఆత్మరక్షణ ఆయుధం. ఇంగ్లండు సైన్యం విల్లును విడిచిన మూడు శతాబ్దాల తర్వాత కూడా ఈ కొండలలో అది వాడుకలో ఉన్నది. ఇందుకు కారణం కొండవాసుల ‘వెనుకబాటు’ మాత్రమేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

2. ఐరోపాలో విల్లు వికాసం

డెన్మార్కులోని హోల్మెగార్డ్ వద్ద 1944లో లభించిన ఎల్మ్ కర్ర విల్లు సుమారు 9000 సంవత్సరాల నాటిది. ఆల్ప్స్ మంచులో 1991లో బయటపడిన ‘ఓట్జీ’ అనే మానవుని వద్ద 1.82 మీటర్ల పొడవున్న, ఇంకా చెక్కడం పూర్తికాని యూ కర్ర విల్లు ఉన్నది. అతడు జీవించినది క్రీ.పూ. 3300 ప్రాంతంలో. యూ కలపలోని చేవ ఒత్తిడిని, దానిపై ఉండే లేత పొర సాగుదలను బాగా తట్టుకొంటాయి. ఈ రెండింటినీ కలిపి ఒకే కర్రగా చెక్కడమే అక్కడి విలుకారుల ప్రధాన నైపుణ్యం.

భారతీయ విల్లు ఐరోపాకు అపరిచితమైనది కాదు. క్రీ.పూ. 480లో గ్రీసుపై దండెత్తిన పారశీక చక్రవర్తి క్సెర్క్సెస్ సైన్యంలోని భారతీయులు నూలు వస్త్రాలు ధరించి, రెల్లు జాతి కర్రతో చేసిన విల్లంబులు పట్టినట్లు హెరడోటస్ వ్రాశాడు. వారి బాణాలకు ఇనుప ములుకులు ఉండేవని కూడా చెప్పాడు. వారు వాయవ్య భారతానికి చెందినవారు. ఆ కర్ర వెదురే అయి ఉంటుందని పలువురు భావిస్తారు.

మధ్యయుగాలలో క్రాస్‌బో వ్యాపించింది. క్రైస్తవులపై దానిని, విల్లును ప్రయోగించరాదని 1139లో రెండవ లాటరన్ మహాసభ నిషేధించినా అది అమలుకు నోచుకోలేదు. ఇంగ్లండు మాత్రం పొడవైన విల్లునే నమ్ముకొని క్రెసీ (1346), అజిన్‌కోర్ట్ (1415) యుద్ధాలలో విజయం సాధించింది.

3. చట్టం పోషించిన విల్లు

ఆ విజయాల వెనుక చట్టం ఉన్నది. పండుగ దినాలలో ప్రజలు ఇతర ఆటలు మాని విలువిద్య అభ్యసించాలని మూడవ ఎడ్వర్డ్ 1363లో ఆజ్ఞాపించాడు. దేశంలో యూ కలప చాలకపోవడంతో, వెనిస్ తదితర రేవుల నుండి వచ్చే ఓడలు టన్ను సరుకుకు నాలుగు వింటికర్రల చొప్పున తేవాలని 1472లో శాసనం చేశారు. 1545లో మునిగి, 1982లో పైకి తీయబడిన ‘మేరీ రోజ్’ నౌకలోని విండ్లను లాగడానికి 100 పౌండ్లకు మించిన బలం అవసరమని పరిశోధకుల అంచనా. అటువంటి విలుకాడు తయారుకావడానికి బాల్యం నుండి సాధన కావాలి. తుపాకి పట్టడం కొద్ది వారాలలో నేర్పవచ్చు. మరోవైపు 16వ శతాబ్దిలో మధ్య ఐరోపా అడవులలో యూ చెట్లు తరిగిపోయాయి. చివరకు 1595లో శిక్షిత దళాలు విండ్లను విడిచి తుపాకులు చేపట్టాలని ప్రివీ కౌన్సిల్ ఆదేశించింది.

4. కొండలలో విల్లు

ఐరోపా తుపాకి ఉత్తరాంధ్ర మైదానానికి తొందరగానే వచ్చింది. 1757 జనవరి 24న బొబ్బిలి కోటపై బుస్సీ సేన ఫిరంగులు ప్రయోగించింది. కొండలలో మాత్రం పరిస్థితి వేరు. వెదురు బొంగు బయటి పొరలో నార దట్టంగా ఉండటం వలన బద్ద విరగకుండా వంగుతుంది. మధ్య భారత గిరిజనుల విండ్లకు నారి కూడా తరచుగా వెదురు బద్దే. ఇనుప ములికి తప్ప తక్కిన సామగ్రి చాలావరకు అడవిలోనే లభిస్తుంది. ఇంగ్లండు ఓడల మీద తెప్పించుకొన్న వింటికర్ర ఇక్కడ ఇంటి వెనుకనే పెరుగుతుంది.

అయితే వెదురు లభ్యత ఒక్కటే కారణం కాదు. 1878 భారత ఆయుధ చట్టం ‘ఆయుధం’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకులు, కత్తులు, బల్లెములతో పాటు విల్లంబులను కూడా చేర్చింది. లైసెన్సు లేని తుపాకి నేరమయింది. విల్లును ఎవరైనా ఇంటివద్దనే చేసుకోగలరు గనుక అది నిలిచింది. గిరిజనులు తుపాకిని వద్దనుకోలేదనడానికి 1922 ఆగస్టు నాటి మన్యం తిరుగుబాటు సాక్ష్యం. అల్లూరి సీతారామరాజు అనుచరులు సంప్రదాయ ఆయుధాలతో బయలుదేరి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలలో మొదట కోరింది తుపాకులనే. శ్రీకాకుళం గిరిజనోద్యమ కాలంలో 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద తుపాకి భూస్వాముల పక్షాన పేలింది. ఇద్దరు గిరిజనులు మరణించారు.

1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవులలో గిరిజనుల రాకపోకలను, సేకరణను నియంత్రించింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. దీనితో విల్లుకు ఉన్న ముఖ్యమైన పని తొలగిపోయింది.

5. ఉపసంహారం

ఇంగ్లండులో రాజ్యం తన అవసరం కొద్దీ విల్లును పోషించి, అవసరం తీరిన తర్వాత విడిచింది. ఉత్తరాంధ్రలో రాజ్యం విల్లును ఎన్నడూ పోషించలేదు. తుపాకిని అందకుండా చేసి దాని ఆయుష్షును పొడిగించింది, తర్వాత అడవిని, వేటను నియంత్రించి దాని ఉపయోగాన్ని తగ్గించింది. కనుక సవరల విల్లును ఆదిమ దశకు మిగిలిన గుర్తుగా పరిగణించడం చారిత్రకంగా సరికాదు. అది ఆధునిక చట్టాల మధ్య జీవించిన వస్తువు.

మేరీ రోజ్ విండ్లను సముద్ర గర్భపు బురద కాపాడింది. వెదురు విల్లుకు అటువంటి రక్షణ లేదు. పనిలో లేని వెదురును పురుగు తింటుంది, దానితో పాటే తయారీ పరిజ్ఞానమూ పోతుంది. గిడుగు వేంకట రామమూర్తి సవర భాషకు వ్యాకరణం, నిఘంటువులు సమకూర్చి మార్గం చూపారు. విల్లు భాగాలకు, వెదురు జాతులకు, ములుకుల రకాలకు సవర భాషలో ఉన్న పేర్లను తయారీదారుల నుండే సేకరించడం ఈ ప్రాంత విశ్వవిద్యాలయాల పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని.