జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్

ఐపీఎల్ ఢిల్లీ జట్టులో సగం వాటా ఉన్న గ్రంధి కుటుంబపు సేవాసంస్థ. జీఎంఆర్ గ్రూపు వ్యవస్థాపకుడు గ్రంధి మల్లికార్జునరావు 1991లో దీన్ని నెలకొల్పి, భార్య వరలక్ష్మి పేరు పెట్టారు. విద్య, ఆరోగ్యం, పారిశుద్ధ్యం, ఉపాధి, గ్రామాభివృద్ధి రంగాల్లో పనిచేస్తుంది.

కుటుంబానిది రాజాం. శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు విజయనగరం జిల్లాలోకి వచ్చింది. చుట్టుపక్కల పల్లెలు గోగునారకు పెట్టింది పేరు. కోసిన గోగును కట్టలు కట్టి చెరువుల్లో, గుంటల్లో రోజుల తరబడి నానబెడతారు. బెరడు కుళ్లి వదులయ్యాక నీళ్లలో దిగి నిలబడి నార ఒలుస్తారు, జాడిస్తారు, ఎండకు ఆరవేస్తారు. ముక్కు మూసుకోవలసిన పని. ఆ నారే మిల్లుకు చేరి గోనెసంచి అవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన మల్లికార్జునరావు 1978లో గ్రూపుకు పునాది వేసింది జూట్ మిల్లుతోనే. బ్యాంకింగ్, విద్యుత్తు, రహదారులు, విమానాశ్రయాలు ఆ తర్వాతి సంగతులు.

ఫౌండేషన్ కూడా సొంత ఊరి నుంచే మొదలైంది. 1997లో రాజాంలో ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. ఇంజనీరింగ్ సీటంటే విశాఖపట్నమో, కాకినాడో వెళ్లాలనుకునే రోజుల్లో ఆ ప్రాంతానికి అది చిన్న విషయం కాదు. తర్వాత ఆసుపత్రి, నిరుద్యోగ యువతకు వృత్తి శిక్షణ కేంద్రాలు వచ్చాయి. గ్రూపు ప్రాజెక్టులు ఎక్కడుంటే ఫౌండేషన్ అక్కడికి విస్తరించింది. వాటిలో ఒకటైన శంషాబాద్ విమానాశ్రయం సుమారు 5,500 ఎకరాల్లో ఉంది. 2008 మార్చిలో విమానాలు ఎగరడం మొదలైంది. దాని చుట్టూ ఉన్న పల్లెల్లో బడులు, వైద్య శిబిరాలు, శిక్షణ తరగతులు నడుస్తున్నాయి. భూములిచ్చిన ఊళ్లకు చేసేదాన్ని దానమనాలా, బాకీ అనాలా అన్నది వేరే చర్చ. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది 2014లో. ఈ సంస్థ అంతకు 23 ఏళ్ల ముందే పుట్టింది. 2011లో మల్లికార్జునరావు గ్రూపులో తన వ్యక్తిగత వాటాకు సమానమైన 1,540 కోట్ల రూపాయలను ఫౌండేషన్‌కు ప్రకటించారు.

ఆటల్లోకి కుటుంబం వచ్చింది 2008లో, 8.4 కోట్ల డాలర్లకు ఢిల్లీ డేర్‌డెవిల్స్‌ను కొనుక్కుని. 2018లో సగం వాటాను 550 కోట్ల రూపాయలకు జేఎస్‌డబ్ల్యూకు అమ్మారు. ఆ ఏడాది చివర్లో జట్టు పేరు ఢిల్లీ క్యాపిటల్స్‌గా మారింది. ఐపీఎల్‌లో 2020లో ఫైనల్ చేరి ఓడింది. మహిళల జట్టు 2023 నుంచి 2025 దాకా వరుసగా మూడేళ్లు ఫైనల్ ఆడి మూడుసార్లూ ఓడింది. ఖోఖోలో గ్రూపు జట్టు తెలుగు యోధాస్‌ది మరీ దురదృష్టం: 2022లో తొలి సీజన్ ఫైనల్‌ను ఒడిశాకు 46–45తో, ఒక్క పాయింటు తేడాతో పోగొట్టుకుంది.

ఉత్తరాంధ్రకు సొంత జట్టు ముచ్చట కొత్తేమీ కాదు. విజ్జీగా పేరుపడ్డ విజయనగరం మహారాజకుమార్ 1930–31లో ఇంగ్లండ్ క్రికెట్ జట్టు ఎంసీసీ పర్యటన రద్దయితే ఊరుకోలేదు. అక్కడి ఆటగాళ్లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి, సొంత జట్టుతో భారతదేశం, సిలోన్ తిరిగారు. విజ్జీకి జట్టంటే రాజసం. ఐపీఎల్ కాలానికి అది అమ్ముకోగల, పంచుకోగల ఆస్తి అయింది.

జట్టున్న ఇంటి పెద్దావిడ పేరు సేవకు ముడిపడటం అమెరికాలోనూ ఉంది, తీరు మాత్రం వేరు. మెక్‌డొనాల్డ్స్‌ను విస్తరింపజేసిన రే క్రాక్ 1974లో శాండియాగో పాడ్రెస్ బేస్‌బాల్ జట్టును కొన్నారు. 1984 జనవరిలో ఆయన పోయాక జట్టు భార్య జోన్ చేతికి వచ్చింది. అదే ఏడాది పాడ్రెస్ మొదటిసారి వరల్డ్ సిరీస్ ఆడింది. జట్టును ఊరికే రాసిచ్చేస్తానని ఆవిడ ముందుకొస్తే మిగతా జట్ల యజమానులు ఒప్పుకోలేదు. చివరికి 1990లో అమ్మేశారు. 1997లో నార్త్ డకోటాలోని గ్రాండ్ ఫోర్క్స్ వరదల్లో మునిగినప్పుడు పేరు చెప్పకుండా 1.5 కోట్ల డాలర్లు పంపారు. ఊరివాళ్లు ఆమెను ‘ఏంజెల్’ అనే పిలుచుకున్నారు. విమానాశ్రయంలో ఆగిన ఆవిడ సొంత విమానాన్ని బట్టి విలేకరులు ఆరా తీశారు. 2003లో కన్నుమూసేనాటికి సాల్వేషన్ ఆర్మీకి 150 కోట్ల డాలర్లకు పైగా వీలునామాలో రాశారు.

జోన్ క్రాక్ విషయంలో జట్టూ, దానమూ ఒకే చేతిలో ఉన్నాయి. రాజాం కుటుంబంలో ఆ రెండు పద్దులూ విడివిడివి: ఫౌండేషన్ తల్లి పేరు మీద ఉంటే, ఢిల్లీ జట్టు వ్యవహారాలు కుటుంబం తరఫున చూసుకునేది కొడుకు కిరణ్ కుమార్.