అరకు - విశాఖపట్నం ఘాట్ రోడ్డు

అరకు - విశాఖపట్నం ఘాట్ రోడ్డు, తూర్పు కనుమలలోని అరకు లోయను బంగాళాఖాతం తీరాన ఉన్న విశాఖపట్నంతో కలిపే రహదారి. దీని పొడవు సుమారు 115 కి.మీ. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న లోయ నుండి సముద్రతీరం వరకు దిగే ఈ దారిలో సెలవు దినాలలో విహారయాత్రికులు ఎక్కువగా ప్రయాణిస్తారు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఇది అల్లూరి సీతారామరాజు, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల గుండా సాగుతున్నది.

మార్గం

అరకు నుండి బయలుదేరిన దారి సుంకరమెట్ట, అనంతగిరి, టైడ, కాశీపట్నం, బౌడారల మీదుగా శృంగవరపుకోట చేరుతుంది. మలుపులన్నీ దాదాపుగా ఈ భాగంలోనే ఉన్నాయి. శృంగవరపుకోట దాటాక వరి పొలాలు, మామిడి, జీడిమామిడి తోటలు కనిపిస్తాయి. అక్కడి నుండి కొత్తవలస, పెందుర్తిల మీదుగా నగరంలోకి ప్రవేశించవచ్చు. ఎన్.ఎ.డి. కూడలి వద్ద గాజువాక వైపు తిరిగితే వాహనాల మరమ్మతులకు, చిన్న పరిశ్రమలకు నిలయమైన ఆటోనగర్ ప్రాంతం వస్తుంది. గాజువాక నుండి సింధియా మీదుగా డాల్ఫిన్స్ నోస్ కొండ ఎక్కి దిగితే యారాడ సముద్రతీరం. యారాడకు మూడు వైపుల కొండలు, ఒక వైపు సముద్రం ఉన్నాయి.

చూడదగిన ప్రదేశాలు

అనంతగిరి, సుంకరమెట్ట పరిసరాలలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు పెంచుతారు. ఆ చెట్లకే మిరియాల తీగలను పాకిస్తారు. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. శీతాకాలం మొదట్లో వలిసె పూలతో పొలాలు పసుపుపచ్చగా కనిపిస్తాయి. గాలికొండ, డముకు వద్ద ఆగి లోయలను చూడవచ్చు. ప్రధాన రహదారి నుండి చీలే దారిలో బొర్రా గుహలు ఉన్నాయి. సున్నపురాతిని నీరు కరిగించడం వలన ఈ గుహలు ఏర్పడినాయి. ఇక్కడి కొండలలో పుట్టిన గోస్తనీ నది కూడా భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది.

కొండలు, పరిశ్రమలు

ఈ కొండల మీదుగానే కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం వెళుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో దీనిని నిర్మించారు. ఓడరేవు 1933లో ప్రారంభమైనది. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారానికి కూడా బైలదిల్లా నుండి ఖనిజం వస్తుంది. పర్యాటకుల కోసం 2017లో ఈ రైలుమార్గంలో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ బోగీని ప్రవేశపెట్టారు.

ఘాట్ రోడ్డు ఉన్న కొండప్రాంతం రాజ్యాంగం ఐదవ షెడ్యూలు కిందికి వస్తుంది. అనంతగిరి మండలంలో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన గనుల లీజులపై సమత అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానాలను ఆశ్రయించింది. షెడ్యూల్డు ప్రాంతాలలోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇది సమత తీర్పుగా ప్రసిద్ధి పొందినది. యాత్రికులు చూసి ఆనందించే ఈ కొండలు గిరిజనుల నివాసాలు, సాగుభూములు కూడా.

ప్రమాదాలు, జాగ్రత్తలు

2021 ఫిబ్రవరి 12న డముకు సమీపంలో హైదరాబాదు యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు మరణించారు.

ఘాట్ రోడ్డులో ఎక్కడం కంటే దిగడం కష్టం. ఎడతెరిపి లేకుండా బ్రేకు తొక్కుతూ దిగితే బ్రేకులు విపరీతంగా వేడెక్కి పట్టు కోల్పోతాయి. హైడ్రాలిక్ బ్రేకులలో ద్రవం మరిగి, పెడలు నొక్కినా ఫలితం ఉండకపోవచ్చు. అందువలన తక్కువ గేరులో దిగాలి. అప్పుడు ఇంజనే వాహనం వేగాన్ని అదుపు చేస్తుంది. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలని డ్రైవర్లు అంటారు. ఇంధనం ఆదా అవుతుందని గేరు తీసివేసి న్యూట్రల్‌లో దిగడం ప్రమాదకరం. దారి ఇరుకుగా ఉన్నచోట దిగే వాహనం ఆగి, ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి. మలుపుల వద్ద హారన్ మోగించాలి. బ్రేకులను, టైర్లను కొండ ఎక్కక ముందే ఆటోనగర్ వంటి చోట పరీక్ష చేయించుకోవడం మంచిది. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడే అవకాశం ఉంది. శీతాకాలపు ఉదయాలలో పొగమంచు వలన ఎదుటి వాహనం కనిపించదు. కనుక ఉదయం మంచు విడిన తరువాత బయలుదేరి, చీకటి పడకముందే శృంగవరపుకోట చేరుకోవడం క్షేమకరం.

ప్రయాణ సౌకర్యాలు

విశాఖపట్నం నుండి అరకుకు ఆర్టీసీ బస్సులు, రైలు సౌకర్యం ఉన్నాయి. పర్యాటకాభివృద్ధి సంస్థకు అరకు, అనంతగిరి, టైడలలో వసతి గృహాలు ఉన్నాయి. సందర్శనకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనుకూలమైన కాలం.