వంకర ఇళ్ల ఊరు

ఇంగ్లండు తూర్పువైపు సఫక్ కౌంటీలో లావెనం అని ఒక ఊరుంది. 2011 లెక్కల ప్రకారం జనాభా 1,722. మన కొలతలో చిన్న పల్లె. అంత పల్లెలో చట్టం జాబితాకెక్కించి కాపాడుతున్న కట్టడాలు 300 పైచిలుకు. మన నర్సరీ పిల్లలందరి నోటా నలిగే ‘ట్వింకిల్ ట్వింకిల్’ పాట రాసిన జేన్ టేలర్ చిన్నతనంలో ఇక్కడి షిల్లింగ్ వీధిలోనే ఉండేది. ఇళ్లు చూస్తే ఒక్కటీ నిటారుగా ఉండదు. పచ్చి ఓక్ కలపతో కట్టారు. ఆరేకొద్దీ దూలాలు మెలితిరిగాయి, గోడలు పక్కింటి భుజమ్మీద వాలాయి.

చూడవచ్చినవాళ్లు, ఆహా, ఎంత జాగ్రత్తగా కాపాడుకున్నారో అంటారు. నిజానికి మూడు వందల ఏళ్లపాటు ఈ ఊరిని కాపాడింది ఎవరి జాగ్రత్తా కాదు, దరిద్రం.

1257లో సంతహక్కు వచ్చిన ఈ ఊరు నీలిరంగు ఉన్నిబట్టతో బలిసింది. 1524 పన్నుల లెక్కల్లో ఇంగ్లండు మొత్తమ్మీద 14వ సంపన్న పట్టణం. స్ప్రింగ్ కుటుంబంలాంటి బట్టల షావుకార్లూ, ఆక్స్‌ఫర్డ్ ప్రభువులు డి వేర్‌లూ కలిసి డబ్బు పోసి చర్చికి 141 అడుగుల గోపురం లేపారు. 1530 ప్రాంతంలో సంత మైదానంలో ఒక సంఘం సభాభవనంగా గిల్డ్‌హాల్ వెలిసింది. ఆ తర్వాత కొద్ది దశాబ్దాలకే నెదర్లాండ్స్ ప్రాంతం నుంచి కాందిశీకులుగా వచ్చిన నేతగాళ్లు కోల్చెస్టర్‌లో తేలికైన, చవకైన బట్ట నేశారు. లావెనం మగ్గాలు చల్లబడ్డాయి. చేతిలో డబ్బున్న ఊళ్లలో పాత ఇల్లు పీకి ఇటుకతో కొత్తది కట్టుకున్నారు. ఇక్కడ ఆ స్తోమత కొద్దిమందికే ఉంది. వాళ్లు కూడా చాలావరకు వీధివైపు ముఖానికి గారపూసి సరిపెట్టుకున్నారు. గిల్డ్‌హాల్ ఒకసారి జైలు, ఇంకోసారి పేదల పనిశాల, మరోసారి గోదాము అయింది. పనికొస్తోంది కాబట్టి ఎవరూ కూల్చలేదు.

దరిద్రం కాపలా వదిలిన రోజు ప్రమాదం మొదలైంది. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి పాత కలప ఇళ్లంటే షోకు పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధానికి కొంచెం ముందు ఊళ్లోని ఉల్ హాల్ అనే పాత కలప భవనాన్ని దూలాలు దూలాలుగా విప్పేశారు. విక్టోరియా రాణి కూతురు ప్రిన్సెస్ లూయిస్ కోసం దాన్ని దూరాన ఆస్కాట్‌లో మళ్లీ నిలబెట్టాలని ఆలోచన. ఊళ్లో గగ్గోలు లేచింది. విప్పిన దూలాలు వెనక్కొచ్చి, మునుపటి చోటే మళ్లీ నిలబడ్డాయి. అప్పటికి దీన్ని ఆపే చట్టమేదీ లేదు, పరువుకు వెరవడం తప్ప. నా దృష్టిలో లావెనం కథలో ముఖ్య ఘట్టం ఇదే. సొంతదారు అమ్ముకోవచ్చు, కొన్నవాడు విప్పుకుపోవచ్చు, అయినా ఇల్లు ఊరిది అన్న మాట ఇక్కడ వినిపించింది. చట్టం తర్వాత చెప్పింది కూడా ఆ మాటే.

ఆ చట్టం రావడానికి ఇంకా కాలం పట్టింది. 1909 నాటి మొదటి ప్రణాళికా చట్టం దృష్టి పట్టణాల మీదే. మోటారు కార్లొచ్చాక రోడ్డు పొడుగునా బంగళాలు బారులు తీరితే, 1926లో పల్లెసీమల పరిరక్షణ మండలి పుట్టింది. 1935లో రోడ్డుపక్క కట్టడాలకు కళ్లెం వేసే చట్టం వచ్చింది. అసలు మలుపు 1947. ఆ ఏటి పట్టణ, గ్రామ ప్రణాళికా చట్టం 1948 జూలై 1న అమల్లోకొచ్చింది. దాని సారం మన భాషలో ఒక్క ముక్క: నేల నీదే, దానిమీద కొత్తగా కట్టే హక్కు నీది కాదు. కట్టాలంటే దరఖాస్తు పెట్టాలి. ఆ తేదీ ఇప్పటికీ బతికే ఉంది. జాబితాకెక్కిన ఇంటి ఆవరణలో అంతకుముందు కట్టినది ప్రహరీ గోడైనా, పెరట్లో కొట్టమైనా ఇంటిలో భాగం కిందే లెక్క.

1967లో విడి ఇళ్లతోపాటు వీధుల్ని, వాడల్ని మొత్తంగా కాపాడే ‘పరిరక్షణ ప్రాంతాలు’ వచ్చాయి. ఆ దశాబ్దంలోనే లావెనం వీధుల్లో స్తంభాలు పీకి, తీగలు భూమిలో పూడ్చారు. సినిమావాళ్లకు ఇది వరమైంది. హ్యారీ పాటర్ సినిమాలో అతని తల్లిదండ్రుల ఊరి దృశ్యాల్లో ఇక్కడి డి వేర్ హౌస్ కనిపిస్తుంది.

1968 నాటి చట్టంతో జాబితాలోని ఇంటిని మార్చాలంటే ప్రత్యేక అనుమతి తప్పనిసరి అయింది. ఆ దరఖాస్తుకు రుసుము లేదు. కానీ కొలతల పటాలు కావాలి, ఇంటి చరిత్ర రాయించాలి, వారాల తరబడి ఎదురుచూడాలి. అనుమతి లేకుండా చేస్తే అది నేరం, జైలుదాకా పోవచ్చు. జాబితాలో లేని ఇంటివాళ్లు కూడా, పరిరక్షణ ప్రాంతంలో ఉంటే, పెరట్లో చెట్టు కొట్టేముందు ఆరు వారాల నోటీసివ్వాలి. ఇదంతా అధికారుల చాదస్తమని కొట్టేయలేం. సున్నపు గార ఊపిరి పీలుస్తుంది. దానిమీద సిమెంటు మెత్తితే తేమ లోపలే చిక్కి, అయిదు వందల ఏళ్లు నిలిచిన ఓక్ దూలం కొద్ది ఏళ్లలో కుళ్లిపోతుంది. సిమెంటు వద్దనడం న్యాయమే. చలికి వణికే ఇంట్లో రెండు పొరల అద్దం బిగించుకుంటామంటే వద్దనడం దగ్గరే నాకు మింగుడుపడదు.

ఇంతకీ ఇవన్నీ లోపల ఉన్నవాళ్ల బాధలు. బయట ఉన్నవాళ్ల సంగతి వేరు. చుట్టూ పొలాల్లో కట్టనివ్వరు, ఊళ్లో ఖాళీ లేదు, అందం పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. ఒకప్పుడు డబ్బు లేక ఊరు మారలేదు. ఇప్పుడు డబ్బు లేనివాడికి ఊళ్లో చోటే లేదు. 1961లో ప్రయాణికుల రైలు ఆగిపోయాక, కొత్తగా వచ్చే ప్రతి ఇల్లూ రోడ్లమీదికి కార్లనే తెస్తుంది. వాటర్ వీధి కిందేమో పాత ట్యూడర్ కాలువ. దానిమీద బరువైన లారీలు పోరాదు.

2011 నాటి లోకలిజం చట్టం ఊళ్లకు సొంత ప్రణాళిక రాసుకునే అధికారమిచ్చింది. లావెనం రాసుకుని, ఓటింగులో నెగ్గించుకుని, 2016లో అమల్లోకి తెచ్చుకుంది. కొత్త ఇళ్లే వద్దని ఏ ఊరూ రాసుకోవడానికి వీల్లేదు. ఎక్కడ, ఎలాంటివి అన్నది మాత్రం చెప్పవచ్చు. జిల్లా కౌన్సిల్ అయిదేళ్లకు సరిపడా ఇళ్లస్థలాలు చూపలేకపోతే, తిరస్కరించిన దరఖాస్తుమీద అప్పీలులో బిల్డర్ల వైపే మొగ్గు.

ఊరివాళ్లు కమ్యూనిటీ ల్యాండ్ ట్రస్టు పెట్టుకున్నారు. ఒకప్పుడు రోడ్ల శాఖ డిపో ఉన్న స్థలంలో, ఒక గృహనిర్మాణ సంఘంతో కలిసి, అందుబాటు ధరల ఇళ్లు కట్టించారు. ఊరితో సంబంధమున్నవాళ్లకే వాటిలో మొదటి హక్కు. వాటి గోడలు నిటారుగా ఉన్నాయి.