పిల్లుల మూత్రపిండ బయాప్సీ

జీవించియున్న పిల్లి మూత్రపిండము నుండి సన్నని కణజాల ఖండమును సూదితో గాని శస్త్రచికిత్సచేత గాని గ్రహించి, సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, వ్యాధి స్వరూపమును నిర్ణయించు పద్ధతికి మూత్రపిండ బయాప్సీ యని పేరు. రక్తములోని క్రియాటినిన్, మూత్ర సాంద్రత, అల్ట్రాసౌండ్ చిత్రము మొదలగునవి మూత్రపిండము ఎంతవరకు పనిచేయుచున్నదో తెలుపగలవు గాని, దానిని చెరచుచున్న వ్యాధి యేదియో పలుమారు తెలుపజాలవు. మనుష్య వైద్యమున కోపెన్‌హాగన్ వైద్యులైన ఐవర్సన్, బ్రున్ అనువారు 1951లో తమ సూది బయాప్సీ అనుభవమును ప్రకటించిన పిమ్మట ఈ పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చెను. కుక్కలలోను పిల్లులలోను దీని గుణదోషములను కార్ల్ ఆస్‌బర్న్ 1971లో విపులముగా చర్చించెను.

మూత్రపిండ వ్యాధి గల ప్రతి పిల్లికిని ఈ పరీక్ష అవసరమని తలంపరాదు. ముదిమి పిల్లులను విశేషముగా పీడించు దీర్ఘకాలిక వ్యాధిలో, మూత్రనాళికల నడుమ వాపు వ్యాపించి, జీవకణముల స్థానమును నారకణజాలము ఆక్రమించియుండుటచే, వ్యాధిని మొదట పుట్టించిన కారణము యొక్క జాడ తరచుగా చెరిగిపోయియుండును. రక్తములో క్రియాటినిన్ పెరుగునప్పటికే మూత్రపిండ శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు నశించియుండును. అట్టి పిల్లికి ఆహార నియమము, నీటి కొరత తీర్చుట, రక్తపోటును అదుపులో నుంచుట అను చికిత్సలు బయాప్సీ ఫలితము ఎట్లున్నను మారవు. ఫలితము చికిత్సను మార్పజాలనప్పుడు ఆ మూగజీవిని మత్తునకును రక్తస్రావ భయమునకును లోను చేయుట యుక్తము కాదు.

పరీక్ష నిజముగా అక్కరకు వచ్చునది రక్తమును వడగట్టు రక్తకేశనాళికా గుచ్ఛముల వ్యాధులయందు. మూత్రములోని మాంసకృత్తునకును క్రియాటినిన్‌కును గల నిష్పత్తి 2ను మించి నిలిచియున్నచో అట్టి వ్యాధిని శంకింపవలయును. ప్రతిజనక ప్రతిదేహ సంయోగములు గుచ్ఛములలో పేరుకొనుటయే కారణమని కణజాలము చూపినచో, వ్యాధినిరోధక శక్తిని అణచు ఔషధములను ధైర్యముగా ప్రయోగింపవచ్చును. అమిలాయిడ్ అను అసహజ మాంసకృత్తు నిక్షేపములు గాని, గట్టిపడిన గుచ్ఛములు గాని కనబడినచో ఆ ఔషధములు మేలు చేయవు. కారణము తెలియని ఆకస్మిక మూత్రపిండ వైఫల్యమునను బయాప్సీ ఉపకరించును. మూత్రపిండములు ఉబ్బి లింఫోమా యను కాన్సరు గలదను అనుమానము కలిగినప్పుడు మాత్రము సన్నని సూదితో కొన్ని కణములను పీల్చి చూచుటయే మొదట చేయదగిన పని.

రక్తము గడ్డకట్టు శక్తి లోపించినను, రక్తపోటు అదుపు తప్పియున్నను, మూత్రపిండమునందు చీము చేరినను, మూత్రము నిలిచి అది ఉబ్బియున్నను, పర్షియన్ జాతిలో వంశానుగతముగా వచ్చు పెద్ద తిత్తులున్నను, వ్యాధి తుదిదశకు చేరినను ఈ పరీక్షను మానవలయును.

పిల్లి మూత్రపిండములు ఉదరమున వదులుగా నుండి చేతికి సులభముగా అందును గనుక, పూర్వము వానిని వ్రేళ్లతో పట్టి నిలిపి చర్మము గుండ సూదిని దింపెడివారు. ఇప్పుడు పిల్లికి పూర్తిగా మత్తునిచ్చి, అల్ట్రాసౌండ్ చూచుచు, 16 లేక 18 గేజి సూదిని వాడుదురు. ఇందలి నైపుణ్యమంతయు సూది పోవు దారిలోనే యున్నది: మూత్రపిండపు వెలుపలి భాగమైన వల్కలము దాటి లోపలి భాగమైన దవ్వలోనికి పోయినచో ఆ రెంటి సరిహద్దున నున్న పెద్ద ధమనులు తెగి తీవ్ర రక్తస్రావము కలుగవచ్చును. కావున సూదిని వల్కలమునందే సాగిపోవునట్లు మూత్రపిండపు ఒక కొన దెసగా ఏటవాలుగా నడుపుదురు. ఉదరమును తెరచి గాని, లాపరోస్కోపు సాయమున గాని తీయునప్పుడు రక్తస్రావమును కన్నులారా చూచి ఆపుటకు వీలుండును.

తీసిన ఖండమును భూతద్దముతో చూచి, ఎర్రని చుక్కలవలె కనబడు గుచ్ఛములు అందున్నవని తెలిసికొని, సాధారణ సూక్ష్మదర్శినికి ఫార్మలిన్‌లోను, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి గ్లూటరాల్డిహైడ్‌లోను, ప్రతిదీప్తి పరీక్షకు తగిన వేరొక ద్రవములోను భద్రపరతురు. దీనిని చదువు నిపుణునికి పిల్లి దేహధర్మము తెలిసియుండవలయును. ఏలయన ఆరోగ్యవంతమైన పిల్లి మూత్రనాళికా కణములలోను కొవ్వు బిందువులుండుట సహజము. మరియొక చిక్కును గమనింపదగును. అబిస్సీనియన్ పిల్లులలో వంశానుగతమైన అమిలాయిడ్ ముఖ్యముగా దవ్వయందు చేరును. క్షేమము కొరకు వల్కలమునకే పరిమితమైన సూది దానిని తాకకయే తిరిగి రావచ్చును. కాబట్టి ఈ జాతియందు ఖండము నిర్దోషముగా కనబడినంత మాత్రమున వ్యాధి లేదని పలుకరాదు.

2005లో ప్రకటితమైన యొక పరిశీలనలో 65 పిల్లులలో 18.5 శాతమునకు ఉపద్రవములు కలిగెను. వానిలో ప్రధానమైనది తీవ్ర రక్తస్రావము. సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడు రక్తము మూత్రములో పడుట సాధారణముగా జరుగునదే. అది తనంత తాను తగ్గును. సూది తీసిన పిమ్మట గాయమును కొన్ని నిమిషములు అదిమిపట్టి, రక్తపు గడ్డలు మూత్రమార్గమును మూయకుండ సిరలోనికి ద్రవములను ఎక్కించి, ఒక దినము పిల్లిని బోనులో విశ్రాంతిగా నుంచి రక్తకణముల పాలును పలుమారు కొలుతురు. ఇంటికి పంపిన పిదప కొన్ని దినములు ఎత్తులకు ఎగుర నీయరాదు. మూత్రము ఎర్రబారినను, చిగుళ్లు పాలిపోయినను, పొట్ట ఉబ్బినను జాగుచేయక వైద్యునికి చూపవలయును.