అర్థమా, అర్ధమా?

తాళపత్రం మీద థకారం లోపలి చుక్క చెరిగిపోతే అది ధకారంగా కనిపిస్తుంది. అక్కడున్నది ‘అర్థ’మా, ‘అర్ధ’మా? ఆ అక్షరాన్నే ఎంతసేపు చూసినా తేలదు. ఇరుగుపొరుగు పదాలు చెప్పాలి. పండిత శిక్షణనాటి ఈ పాఠం, మొన్న ప్రోటీన్ స్ఫటికాల చరిత్ర చదువుతుండగా మళ్ళీ ఎదురయింది.

ప్రోటీన్ అమైనో ఆమ్లాల హారం. దాని వెన్ను గొలుసు నుండి పక్క గొలుసులు వెలువడుతుంటాయి. స్ఫటికం మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేస్తే పరమాణువులు నేరుగా కనబడవు. ఎలక్ట్రాన్లు ఎక్కడ దట్టంగా ఉన్నాయో తెలిపే పటం మాత్రం గణితం వల్ల లభిస్తుంది. ఆ మబ్బులో పరమాణువులను మనిషే అమర్చుకోవాలి. మయోగ్లోబిన్ కోసం కేంబ్రిడ్జిలో జాన్ కెండ్రూ బృందం దాదాపు 2,500 నిలువు కడ్డీలు నిలిపి, సాంద్రతను బట్టి వాటికి రంగు క్లిప్పులు తగిలించి, ఆ అడవి నడుమ లోహపు నమూనా కట్టింది. 1960 నాటి మాట. అందులో చేయి దూర్చడమే సాహసమై ఉంటుంది!

1968లో ఫ్రెడరిక్ రిచర్డ్స్ సగం వెండిపూత పూసిన అద్దాన్ని తెచ్చాడు. పారదర్శక ఫలకాల మీది సాంద్రతా పటం, తీగల నమూనా ఆ అద్దంలో ఒకదానిపై ఒకటిగా కనబడతాయి; సరిపోయేదాకా తీగను తిప్పుకోవచ్చు. దానికి ‘రిచర్డ్స్ వెర్రి’ అని పేరుపడింది. ఇటువంటి వెర్రి నాలుగు కాలాలు వర్ధిల్లాలి. ఆయనే 1987లో పాండర్‌తో కలిసి, పక్క గొలుసులు ఇష్టం వచ్చినట్లు తిరగవనీ, 17 రకాల ఆమ్లాలకు 67 భంగిమలు చాలుననీ చూపాడు. అది ప్రోటీన్ ఛందస్సు.

అయితే ఛందస్సు తీర్చలేని సందేహం ఒకటి మిగిలింది. ఆస్పరజిన్ కొనన ఒకవైపు నత్రజని, మరొకవైపు ఆక్సిజన్. ఎలక్ట్రాన్లు ఏడు, ఎనిమిది. పటంలో రెండూ ఇంచుమించు ఒక్కటే. తలక్రిందులుగా పెట్టినా పటానికి నప్పుతుంది. కానీ ఒకటి ఉదజనిని ఇచ్చేది, మరొకటి పుచ్చుకొనేది. అక్కడ అతికే మందును రూపొందించేవానికి ఈ తేడా ప్రాణప్రదం. 1999లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్‌సన్ దంపతుల బృందం, సాధారణంగా ఎక్స్-కిరణాలకు అందని ఉదజనులను లెక్కకట్టి చేర్చి, పొరుగు పరమాణువులతో ఏది ఢీకొంటున్నదో, ఏది చేయి కలుపుతున్నదో పరీక్షించింది. మంచి నమూనాల్లో సైతం తలక్రిందులైనవి బయటపడ్డాయి.

నేనొకసారి ‘అర్థము’ అని సరిగా వ్రాసిన పిల్లవానికి, చుక్క కానరాక మార్కు తగ్గించాను. వాక్యం పూర్తిగా చదివి ఉంటే తెలిసేది. వాడు అడగలేదు, నేను గ్రహించేసరికి బడి విడిచి వెళ్ళిపోయాడు.

నేడు ఆ తిప్పడం కంప్యూటరే చేస్తుంది. ఐనా ప్రోటీన్ ఉపరితలాన ఊగిసలాడే లైసిన్ కొనల వంటి చోట్ల పటంలో ఏమీ కనిపించదు. కనబడని పరమాణువులను కొందరు నమూనా నుండి తొలగిస్తారు. కొందరు భంగిమల పట్టికను నమ్మి ఉంచుతారు. వారిలో ఏకాభిప్రాయం లేదు. శిథిలపత్రంలోని ఖాళీని చుక్కలతో విడిచిపెట్టాలా, ఊహించి పూరించాలా అని మా పండితులూ ఇట్లాగే తగవులాడేవారు. నేను చుక్కల పక్షం.